ట్రెండింగ్‌లో కోటమ్మ శోకం

ఆగండి. ఆ వేలు ఒక్క నిమిషం అక్కడే ఆపండి, పైకి తోసేయకండి. కోటమ్మ సంగతి చెప్తాను, వినండి. కోటమ్మెవరో మాకు తెలీదంటారేమో, కానీ తెలుసు. ఆమె గొంతు మీ ఫోనులో ఒక్కసారైనా మోగే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు, బిర్యానీ పొట్లం ఖాళీ అయినప్పుడు, నెలాఖరుకు ముందే జీతం హరించుకుపోయినప్పుడు, వెనకాల ఒక ముసలి గొంతు "చెప్పకుండ పోతివి గదయ్యో..." అని సాగదీస్తుందే, అదీ కోటమ్మంటే. మీరు నవ్వే ఉంటారు. నవ్వనివాళ్ళెవరు?

కోటమ్మది గిద్దలూరు పక్కన ఒక పాలెం. ఒళ్ళంతా కూలిపనికి అరిగిపోయిన మనిషి. అయినా చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఆమెకొక గౌరవం ఉంది. అది ఏడుపు వల్ల వచ్చిన గౌరవం. ఆ వైపు ఎవరైనా పోతే ఆడవాళ్ళు శవం పక్కన కూర్చుని శోకం పెడతారు. ఊరికే భోరుమనడం కాదు, పోయిన మనిషిని వరసపెట్టి పిలుస్తూ, ఏం ఇష్టంగా తినేదో, ఎవరితో పోట్లాడేదో, ఏ బర్రెకు ఏం పేరు పెట్టుకుందో, అన్నీ రాగంలో చెప్పుకుంటూ ఏడవడం. కోటమ్మ నోరు తెరిచిందంటే, ఆస్తి కోసం అప్పటిదాకా గుడ్లురుముకున్న అన్నదమ్ములు కూడా ఒకే తువ్వాలుతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

చర్చి పాస్టరుగారికి అది నచ్చేది కాదు. "పరలోకం ఉందని నమ్మినోళ్ళం మనం, ఇట్ల గుండెలు బాదుకోవడమేంది కోటమ్మా" అనేవాడు.

"లాజరు సమాధి కాడ యేసయ్య ఏడ్సలేదా అయ్యగారూ? ఆయనకు లేని నామోషీ నాకేంది?" అనేది కోటమ్మ. పాస్టరుగారు నవ్వుకుని ప్రార్థన మొదలుపెట్టేవాడు.

ఆ కోటమ్మకు ఒక్కడే కొడుకు, ఆశీర్వాదం, గిద్దలూరు రైల్వేస్టేషను దగ్గర ఆటో తోలతాడు. అతని కూతురు ఝాన్సీ. ఎండలో మాడే తన బతుకు పిల్లకు రాకూడదని ఆశీర్వాదం ఆ పిల్లను చిన్నప్పుడే విజయవాడ హాస్టల్లో వేశాడు. హాస్టల్లో ఝాన్సీకి అన్నం దిగేది కాదు, అవ్వ మీద బెంగ. ఆ బెంగ ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, కాలేజీకి వచ్చాక అక్కడి కంప్యూటర్ల గదిలో కూర్చుని ఒక బ్లాగు మొదలుపెట్టింది. పేరు 'అవ్వ చెప్పింది'. అప్పటికే బ్లాగులు ముసలివైపోయాయి, జనమంతా ఫేస్‌బుక్కుకు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతున్నారు. ఆ సంగతి ఈ పిల్లకు తెలీదు. తిరునాళ్ళు అయిపోయాక దుకాణం తెరిచినట్టు, పేజీలకు పేజీలు రాసేది. అవ్వ సజ్జరొట్టె ఎలా తడుతుంది, దారిన పోయే పామును ఏమని తిట్టింది, వానలు లేని ఏడు ఏం తిని బతికింది.

చదివేవాళ్ళు గుప్పెడు మంది. ఒక రిటైరైన మేష్టారు, కువైట్‌లో ఇంటిపని చేసే ఒక అక్క, పేరు చెప్పని ఇంకొకాయన, అంతే. కానీ ఆ గుప్పెడు మందీ ఆఖరు వాక్యం దాకా చదివేవాళ్ళు, చదివి ప్రశ్నలు అడిగేవాళ్ళు. "మీ అవ్వ మోకాలి నొప్పి తగ్గిందామ్మా?" అని మేష్టారు రాస్తే ఝాన్సీ ఊరికి ఫోన్ చేసి కనుక్కుని మరీ జవాబిచ్చేది.

తర్వాత ఆ పిల్ల కూడా ఫేస్‌బుక్కుకు పోయింది. అక్కడ వందల లైకులు వచ్చాయిగానీ మోకాలి సంగతి ఎవరూ అడగలేదు. పొడుగ్గా రాస్తే చదవరని సగం చేసింది, సగాన్ని పావు చేసింది. హైదరాబాదు ఉద్యోగం వచ్చేసరికి ఇన్‌స్టాగ్రామ్, అక్కడ అసలు మాటలే అక్కర్లేదు, ఫోటో చాలు. ఆ తర్వాత రీళ్ళు. బ్లాగు పాస్‌వర్డు ఎప్పుడు మర్చిపోయిందో కూడా ఆ పిల్లకు గుర్తులేదు. అలా మర్చిపోయిన రోజు ఎవరికైనా గుర్తుంటుందా చెప్పండి!

ఉద్యోగం ఇంటి నుంచే చేసుకోవచ్చని కంపెనీ అన్నాక ఝాన్సీ ల్యాప్‌టాప్ పట్టుకుని పాలెం వచ్చేసింది. వచ్చీరాగానే అవ్వ మీద పడింది.

"అవ్వా, ఒక్కసారి శోకం పెట్టవా, వీడియో తీస్తా."

"ఎవురే పోయింది?"

"ఎవరూ పోలేదు. ఊరికే."

"ఊరికే ఏడ్సేదానికి నాకేమన్నా పిచ్చా? బతికినోళ్ళ ఇంట్లో శోకం పెట్టగూడదు. మీ నాయన పొద్దుగూకులకు ఇంటికి రావాల్సినోడు. లే, నీళ్ళు తోడు పో."

పిల్ల వదల్లేదు. అన్నం దగ్గర అడిగింది, తల దువ్వించుకుంటూ అడిగింది. ఒకరోజు ఉండబట్టలేక అనకూడని మాటే అనేసింది. "నువ్వు పోతే ఈ మాటలన్నీ నీతోనే పోతాయి గదవ్వా!"

కోటమ్మ చేతిలో దువ్వెన ఆగింది. జడ అల్లడం పూర్తిచేసి, రబ్బరు బిగించి, అప్పుడంది: "అట్లయితే మీ తాత కాడికి పోదాం పా. ఆయనకొకటి బాకీ ఉండాది."

తాత పేరు విశ్వాసం. ఝాన్సీ పుట్టకముందే పోయాడు. ఎలా పోయాడో ఆ పిల్లకు సమాధుల తోటకు నడుస్తుంటేనే తెలిసింది. ఆ ఏడు వానల్లేక కోటమ్మ పసివాడు ఆశీర్వాదాన్ని చంకనేసుకుని మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోయింది. విశ్వాసం ఒంట్లో బాగలేదని ఇంటి దగ్గరే ఉన్నాడు. ఫోన్లు లేని కాలం. కబురు మోసుకుని మనిషి వచ్చి, ఆమె బస్సులు మారి మారి ఇల్లు చేరేసరికి, ఎండాకాలం శవం ఆగదని పూడ్చిపెట్టేశారు. శవం ఇంటి నుంచి లేచాక శోకం పెట్టకూడదు, అది అక్కడి కట్టుబాటు. అందుకని కోటమ్మ ఏడవలేదు. ఊరందరి కోసం ఏడ్చిన మనిషి తన మొగుడికి మాత్రం ఏడవలేదు.

"మరి ఇప్పుడు పెట్టొచ్చా అవ్వా?"

"పెట్టగూడదు. కాని ఆయన ఇంటి ముందర కూర్చోని పెడతాండా గదా. ఎవురేమంటారులే."

మట్టి దిబ్బ పక్కన చతికిలబడి, కొంగు నడుముకు దోపి, కోటమ్మ ఎత్తుకుంది. ఝాన్సీ ఫోన్ పట్టుకుంది. ముందు గొంతు రాలేదు, దగ్గు వచ్చింది. తర్వాత వచ్చింది.

"చెప్పకుండ పోతివి గదయ్యో విశ్వాసయ్యా... ఒక్క మాట చెప్పకుండ పోతివి గదయ్యో... ఎండలో కాయలు కోసి నీకు పచ్చంచు తువ్వాలు కొంటినే, ఆ తువ్వాలు ఎవురి మెడకు ఎయ్యాలయ్యో..."

మొగుడి పేరు ఎన్నడూ నోటితో అనని మనిషి కోటమ్మ. రేషను కార్డు దగ్గర కూడా పక్కనున్న ఆడమనిషి చేత చెప్పించేది. ఆ రోజే మొదటిసారి పలికింది. పలికి పలికి, తువ్వాలు సంగతి, అతను నేర్పిన ఈల సంగతి, కొట్టిన ఒకే ఒక్క దెబ్బ సంగతి, అన్నీ చెప్పి ఏడ్చింది. ఝాన్సీకి కళ్ళనీళ్ళతో స్క్రీను కనబడలేదు. చివరికి కోటమ్మ ముఖం తుడుచుకుని, దిబ్బ మీది ఎండుగడ్డి నాలుగు పోచలు పీకేసి, "బరువు దిగింది పాపా. ఇంగ ఆయన అలిగి ఉండడులే" అంది. దారిపొడుగునా హుషారుగా నడిచింది.

ఇక్కడి దాకా బాగుంది కదా. ఇక్కడే ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది!

ఝాన్సీ ఆ వీడియో మొత్తం యూట్యూబులో పెట్టింది. ఎవరూ చూడలేదు. పెట్టిందే తడవుగా పది నిమిషాలకొకసారి తీసి చూసుకునేది, అంకె కదిలేది కాదు. ఇంత గొప్ప ఏడుపుకు ఇంతేనా అని ఉడుక్కుని, అందులోంచి అర నిమిషం కోసి రీలు చేసింది. ఏ అర నిమిషం? మొదటిదే, "చెప్పకుండ పోతివి గదయ్యో విశ్వాసయ్యా". కింద 'పల్లె శోకం, గిద్దలూరు' అని రెండు ముక్కలు. విశ్వాసయ్య ఎవరో రాయడానికి చోటు లేదు. చోటు లేదని కూడా కాదు, రాయాలనే తోచలేదు. పాత బ్లాగైతే ముందు మిరప కోతల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఉండేది.

పక్క వీధి క్రాంతి కుమార్ ఊళ్ళో మీమ్స్ పేజీ నడుపుతాడు. మంచోడే, కోటమ్మకు మందులు తెచ్చిపెడతాడు. వాడు ఆ గొంతును తీసుకుని, మ్యాచ్‌లో అవుటైపోయిన బ్యాట్స్‌మన్ బొమ్మకు అతికించాడు. అంతే. మర్నాటికి మార్కాపురం, వారం తిరిగేసరికి రాష్ట్రమంతా. ఎవడో డీజే బీటు కూడా కలిపాడు.

"అక్కా! అవ్వ స్టార్ అయిపాయె!" అని రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు క్రాంతి. "హైదరాబాద్ పిల్లోళ్ళు గూడ చేస్తాండారు, సూడు!"

ఝాన్సీకి తాత మట్టిదిబ్బ గుర్తొచ్చి సిగ్గేసింది. అది నిజం. ఫోను గణగణ మోగుతుంటే, ఫాలోవర్లు చీమల బారులా వచ్చి చేరుతుంటే, లోపల ఎక్కడో సంతోషం వేసింది. అదీ నిజమే. తీసెయ్యమని క్రాంతికి చెప్పడానికి రెండు రోజులు ఆలోచించింది. ఆ రెండు రోజులూ ఇప్పటికీ ఆ పిల్ల గొంతులో ముల్లులా ఉన్నాయి.

చెప్పాక క్రాంతి వెంటనే తీసేశాడు. తన రీలు తనూ తీసేసింది. కానీ ఆ గొంతు అప్పటికి ఎవరెవరి సంచుల్లోనో చేరిపోయింది. ఒకటి రిపోర్టు కొడితే ఇంకో పది. విశ్వాసయ్య నిజంగా బతికిన మనిషి, ఆయన మా తాత అంటూ ఝాన్సీ, చాలా ఏళ్ళకు మళ్ళీ పొడుగ్గా రాసి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. ఏడుపు బొమ్మలు కొన్ని వచ్చాయి. ఒకడు "పెద్దగా ఉంది, టూకీగా చెప్పండి మేడం" అన్నాడు.

ఈలోగా అది ఫోన్లలోంచి వీధిలోకి దిగింది. స్కూలు పిల్లలు ఏది అయిపోయినా "విశ్వాసయ్య అయింది" అనడం మొదలుపెట్టారు. చార్జింగు విశ్వాసయ్య అయిందిరా. బండిలో పెట్రోలు విశ్వాసయ్య. గిద్దలూరు బస్టాండులో టీ కొట్టాయన కూడా, "పాలు విశ్వాసయ్య అయినాయి, బ్లాక్ టీ తాగుతావా?" అని అడిగాడట ఆశీర్వాదాన్ని. ఆశీర్వాదం టీ తాగకుండా వచ్చేశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఆటో కడుక్కుంటూ కూర్చున్నాడు. కోటమ్మ చేతిలో ఉన్నది బటన్ల ఫోను, ఆమెకు ఏదీ తెలీదు. ఝాన్సీ తెలియనివ్వలేదు.

అప్పుడు వెంకటలక్ష్మమ్మ పోయింది. పాలెం అవతల పెద్ద రైతు మాలకొండయ్య తల్లి ఆమె. కోటమ్మ పడుచుదనం నుంచీ ఆ ఇంటి పొలంలోనే కలుపు తీసింది, ఇద్దరూ ఒకే గట్టు మీద చద్దన్నం తిన్నారు. "కోటమ్మ వచ్చి ఏడ్సందే నన్ను లేపొద్దురా" అని ముసలామె ముందే చెప్పిపెట్టిందట. మాలకొండయ్య బండిచ్చి మనిషిని పంపించాడు. ఝాన్సీ, వద్దనడానికి ఏం కారణం చెప్పాలో తోచక, అవ్వ వెంట తనూ ఎక్కింది.

షామియానా కింద ఐసు పెట్టె, చుట్టూ జనం. కోటమ్మ చెప్పులు దూరంగా విడిచి, పెట్టె పక్కన కూలబడి, అద్దం మీద చెయ్యి వేసి ఎత్తుకుంది.

"నాకు చెప్పకుండ పోతివి గదమ్మో లచ్చిమమ్మక్కా..."

నీళ్ళ క్యాన్ల దగ్గర ఒక పిల్లాడు కిసుక్కున నవ్వాడు. వాడి పక్కవాడు మోచేత్తో పొడిచి, "అవ్వరా! ఆ రీలవ్వ!" అన్నాడు. ఇంకెవడో గొంతు తగ్గించి "విశ్వాసయ్యో" అని సాగదీశాడు. నవ్వకూడని చోట వచ్చే నవ్వు ఎలాంటిదో మీకు తెలుసు, అది ఆగదు. ఆ మూల నుంచి ఈ మూలకు పాకింది. కళ్ళు ఉబ్బేలా ఏడ్చిన కోడలు కూడా కొంగు నోట్లో కుక్కుకుంది, భుజాలు కదులుతున్నాయి. ఎవరిలోనూ చెడ్డ బుద్ధి లేదు. అదే ఘోరం.

"ఎవుర్రా నవ్వేది? సిగ్గుండాదా మీకు?" అని మాలకొండయ్య లేచి అరిచాడు.

కోటమ్మ రాగం మధ్యలో ఆగిపోయింది. తన రవిక చూసుకుంది, చీర సర్దుకుంది, మూతి తుడుచుకుంది. తన మీద ఏదో అంటుకుని ఉంటుందనుకుంది పాపం. ఏమీ కనబడలేదు. పెట్టెకు దండం పెట్టి, లేచి, చెప్పులేసుకుని నడుచుకుంటూ వచ్చేసింది.

ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని అడిగింది. "ఆ పిల్లోళ్ళు మీ తాత పేరెందుకన్నారే? వాళ్ళకు ఆయన తెల్దు గదా."

ఝాన్సీ ఇక దాచలేదు. చెప్పింది. కోటమ్మకు సగం అర్థమై, సగం కాక, "సూపీ" అంది. ఫోను చేతికిచ్చింది. స్క్రీను మీద ఒక పిల్లాడు ఖాళీ బిర్యానీ ప్లేటు ముందు గుండెలు బాదుకుంటున్నాడు, వెనకాల కోటమ్మ గొంతు. ఆమె కళ్ళు దగ్గరికి పెట్టుకుని చివరిదాకా చూసింది. అది అయిపోయి మళ్ళీ దానంతటదే మొదలైంది. మళ్ళీ చూసింది.

"పిల్లోడు బాగనే సేసినాడు," అంది.

"అవ్వా..."

"ఎన్ని ఉండాయి ఇట్లాంటివి?"

"శానా ఉన్నాయవ్వా."

"అంతమంది పిలిచినారా ఆయన్ని! నేనొకసారి పిలిచేదానికే ఇన్నేండ్లు పట్టె." ఫోను తిరిగి ఇచ్చేసింది. "పాపా, నేను నిన్నేమీ అన్ను. ఒక్కటే అడుగుతా. ఆ మాట నాకు తిరిగి ఇప్పీ. నాకుండేది అదొక్క మాటే. ఎవురింటికి పోయినా అక్కడ్నుంచే ఎత్తుకుంటా, తక్కినయ్యన్నీ దాని ఎనకాల వస్తాయి. ఇప్పుడు నోట్లోకి తెచ్చుకుంటే ఆ పిల్లోడి ప్లేటు కనపడతాంది. నేను ఇంగెట్ల ఏడ్సల్ల?"

ఝాన్సీ కాళ్ళ మీద పడి ఏడ్చింది. కోటమ్మ ఆ పిల్ల తల నిమిరింది కానీ, తను ఏడవలేదు. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు పోయినా, పిలుపులు వచ్చినా, మోకాళ్ళ నొప్పి అని చెప్పి పోలేదు. తాత ప్రస్తావన వస్తే "ఆయన" అనడం కూడా మానేసింది. ఝాన్సీ రోజూ ఆఫీసు పని అయిపోగానే కూర్చుని వెతకడం, రిపోర్టు కొట్టడం, ముక్కూమొహం తెలియనివాళ్ళకు దయచేసి తీసేయండని బతిమాలుతూ రాయడం. కొందరు మంచివాళ్ళు తీసేశారు. కొందరు నవ్వే బొమ్మ పంపించారు. జోరు తగ్గిన మాట నిజమే, జనం ఇంకో గొంతు వెంట పడ్డారు. కానీ లేకుండా మాత్రం పోలేదు. మొన్నటికి మొన్న కూడా ఒకడు కొత్తది పెట్టాడు.

ఈ పొద్దున కొమరోలు నుంచి కబురు వచ్చింది. గురమ్మ పోయింది. కోటమ్మ తోడబుట్టిన ఒక్కగానొక్క చెల్లెలు, చంకనెత్తుకుని పెంచిన చెల్లెలు. ఆశీర్వాదం ఆటో తీశాడు. వెనక సీట్లో అవ్వ, పక్కన ఝాన్సీ. గిద్దలూరు దాటి కొమరోలు రోడ్డెక్కేదాకా కోటమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి. లోపల ఏదో కూడబెట్టుకుంటోంది, బయటికి రావడానికి తలుపు దొరకడం లేదు.

ఊరు కనబడుతుండగా మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"పాపా, నువ్వు అదంతా తీసేస్తాండావని క్రాంతి చెప్పినాడు. అన్నీ పోయినాయా? ఇంగ ఎవురి ఫోన్లోనూ లేదు గదా ఆ మాట?"

ఝాన్సీ రెండో చేతిలోని ఫోను ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

"పోయినాయంటే గురమ్మను నోరారా ఏడుస్తా. ఉండాయంటే మూల కూర్చోని చూసి వస్తా. రెండిట్లో ఏదైనా సరేలే. నువ్వు నాకాడ అబద్దం చెప్పవని అడుగుతాండా."

ఆశీర్వాదం ఆటో నెమ్మది చేశాడు, అద్దంలోంచి కూతురి వైపు చూశాడు. ముందర షామియానా కనబడుతోంది. గేటు దగ్గర గురమ్మ మనవళ్ళు, వాళ్ళ స్నేహితులు, ఏడెనిమిది మంది, అందరి చేతుల్లోనూ ఫోన్లే. పోయాయంటే అవ్వ నమ్ముతుంది, నమ్మి చెల్లెలి మీద పడి అదే మాటతో ఎత్తుకుంటుంది, అప్పుడు వాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు నవ్వితే? ఉన్నాయంటే చెల్లెలు కూడా, అప్పట్లో తాతలాగే, ఏడుపు లేకుండా మట్టిలోకి పోతుంది.

ఆటో ఆగింది. కోటమ్మ ఇంకా చెయ్యి వదల్లేదు, మనవరాలి ముఖంలోకే చూస్తోంది. ఆ సీట్లో ఉన్నది మీరైతే, ఏం చెప్తారు?